తొమ్మిది నొక్కితే నేను

3, సోమవారం

నా కుర్చీకి ఎసరు పెట్టింది కోడలు.

పొద్దున షాపు తెరిచి, నిన్నటి పళ్ళ అచ్చుల మీద కప్పిన తడిగుడ్డలు తీస్తూ, నా మొహం చూడకుండా చెప్పింది. "అత్తయ్యా, ఇకనుంచి ఫోన్ పని మిషన్ చూసుకుంటుంది. మెసేజీలు అదే పంపుతుంది, జవాబులు అదే చదువుతుంది. మీరు హాయిగా ఇంట్లో ఉండొచ్చు."

హాయిగా అని ఎవరైనా అన్నప్పుడల్లా నా దగ్గర ఏదో ఒకటి పోయింది. గర్భసంచి తీసేసిన డాక్టరు కూడా ఇదే మాట అన్నాడు.

ముప్ఫై నాలుగేళ్ళుగా ఆ కుర్చీ నాది. ఆయన పళ్ళు కట్టేవారు, నేను ఫోన్లు చేసేదాన్ని. ఆయన పోయాక కోడలు కడుతోంది, నేను ఫోన్లు చేస్తున్నాను. కొలతకి రండి, మైనం పళ్ళు పెట్టి చూసుకోవడానికి రండి, మీ కట్టుడు పళ్ళు తయారయ్యాయి రండి, గుచ్చుకుంటే చెప్పండి. నాలుగో తరగతితో ఆపేసిన చదువుకి ఇంతకన్నా పెద్ద ఉద్యోగం ఎవరిస్తారు?

"నేనేం తప్పు చేశాను?" అన్నాను.

"తప్పని ఎవరన్నారు? కాకపోతే పోయిన వారం ఆ లాయరుగారికి ఒకే రోజు ఆరుసార్లు చేశారు."

"ఎత్తలేదుగా మరి."

"కోర్టులో ఉన్నారు అత్తయ్యా."

"కోర్టులో ఉన్నాడని నాకేం తెలుసు? మెట్ల మీంచి జారాడేమో అనుకున్నాను. నోట్లో పళ్ళు లేని మనిషి బోర్లా పడితే దవడ నేరుగా నేలకి తగులుతుంది."

అప్పుడు అసలు సంగతి బయటపెట్టింది. నా టేబులు, కుర్చీ ఉన్న మూల కావాలట. అక్కడ రెండో బల్ల వేసి, ఇంకో అరగదీసే చక్రం బిగించి, ఇంకో మేస్త్రిని పెట్టుకుంటుందట. ఇన్నేళ్ళూ ఒక్కతే చేసుకోలేదా? గొప్పలకి కాకపోతే రెండో బల్ల ఎందుకు?

టీ తాగాను కానీ బిస్కెట్ ముట్టుకోలేదు. నేను బిస్కెట్ మానేస్తే ఇంట్లో ఎవరికీ మనశ్శాంతి ఉండదని కోడలికి తెలుసు. మధ్యాహ్నానికి దిగొచ్చింది. మిషన్లో ఒక దారి నాకు వదులుతుందట. ఎవరైనా 9 నొక్కితే నా ఫోన్ మోగుతుంది. నెలాఖరుకి పదిమంది 9 నొక్కితే నా టేబులు ఉంటుంది. నొక్కకపోతే బల్ల వస్తుంది, నేను ఇంటికి.

పదిమందేమిటి, వందమంది నొక్కుతారు. ఊళ్ళో సగం నోళ్ళు నాకు తెలుసు.

ఇంట్లో కూర్చుంటే ఏముంది? పైన ఫ్యాను ఉంది. అది ఊగుతుంది. దాని కింద నేనుంటాను.


4, మంగళవారం

మిషన్ అంటే ఇనపదేదో వస్తుందనుకున్నాను. ఏమీ రాలేదు. కోడలి లాప్‌టాప్‌లోనే ఉంది. తెల్లటి ఖాళీ, పక్కన రంగురంగుల డబ్బాలు. ఆకుపచ్చది మాట పంపే డబ్బా. పసుపుది ఆగే డబ్బా, దాని మీద గడియారం బొమ్మ ఉంటుంది. ఎర్రది అడిగే డబ్బా. దానికి రెండు చెవులుంటాయి, ఒకటి అవును, ఒకటి కాదు. డబ్బాని పట్టుకుని లాగి ఖాళీలో వదలాలి. ఒకదాని చెవిలోంచి దారం లాగి ఇంకోదానికి తగిలించాలి. అంతే.

"మీరు ఫోన్లో ఎవరితో ఏం మాట్లాడతారో మీకే తెలుసు. అందుకని ఈ డబ్బాలు మీరే పేర్చాలి," అంది.

అంటే నా గొయ్యి నేనే తవ్వుకోవాలి. పార మాత్రం చాలా బాగుంది.

రాయడం రాదని భయపడ్డాను. మైకు బొమ్మ నొక్కి మాట్లాడితే అక్షరాలు వాటంతట అవే పడుతున్నాయి. చదువుకున్నవాళ్ళు ఇన్నాళ్ళూ ఈ సంగతి దాచారు.

మొదటి డబ్బా: మీ పళ్ళు తయారయ్యాయి. రెండోది: మూడు రోజులు ఆగు. మూడోది: వచ్చారా? అవును వైపు ఏముంటుంది, వచ్చారు, తీసుకున్నారు, వెళ్ళారు. అక్కడ సరుకు లేదు. కాదు వైపు చూడగానే నా ప్రాణం లేచొచ్చింది. ఎందుకు రాలేదు? ఈ ప్రశ్న మీదే కదా నేను బతికింది.


5, బుధవారం

అరవై మూడు డబ్బాలు.

కోడలు తెర మీద వేలితో తోస్తూ పోయింది. తోస్తూనే ఉంది. "ఇదేమిటి అత్తయ్యా, రైల్వే మ్యాపులా ఉంది?"

ఒక మనిషి పళ్ళు తీసుకోవడానికి రాలేదంటే కారణాలు తక్కువా? మర్చిపోయి ఉండొచ్చు. వాన పడి ఉండొచ్చు. వాన అయితే గొడుగు ఉందా? లేదు అంటే ఇంట్లోవాళ్ళది అడిగారా? ఫోన్ పోయి ఉండొచ్చు (పోయి ఉంటే మెసేజీ ఎలా చేరుతుంది అని కోడలు అడిగింది, దానికి విడిగా డబ్బా పెట్టాను, పక్కింటివాళ్ళకి పంపేది). మనమీద కోపం వచ్చి ఉండొచ్చు. జ్వరం. కళ్ళు తిరగడం. బాత్రూంలో గడియ పడిపోవడం. అన్నిటికీ అడుగున ఆఖరి డబ్బా.

కోడలు దాన్ని పైకి చదివింది. "'బతికే ఉన్నారా? అవును అయితే 1 నొక్కండి. కాదు అయితే 2 నొక్కండి.' రెండు ఎవరు నొక్కుతారు అత్తయ్యా?"

"ఇంట్లోవాళ్ళు."

మైనం కత్తి కింద పడేసి మరీ నవ్వింది. కళ్ళనీళ్ళు తుడుచుకుని మళ్ళీ చదివింది, మళ్ళీ నవ్వింది. నవ్వాల్సిందేముందో నాకు తెలియలేదు. పోయినేడు పూలకొట్టు పెద్దాయన పళ్ళు మన అలమారలో నాలుగు నెలలున్నాయి. ఆయన మాత్రం లేరు.


6, గురువారం

ఫ్యాను స్క్రూలు బిగించానని చెప్పాడు మా వాడు. స్టూలు మీద దుమ్ము అలాగే ఉంది.


8, శనివారం

కోడలు నా అరవై మూడింటినీ తొమ్మిదికి కొట్టేసింది. ఒక్కో డబ్బానీ పట్టుకుని చెత్తబుట్ట బొమ్మలోకి లాగుతుంటే చూడలేక బయటికెళ్ళి నిలబడ్డాను.

మాటలు కూడా మార్చేసింది. పళ్ళు తీసుకెళ్ళినవాళ్ళని అడిగే డబ్బా ఒకటుంది. పళ్ళు ఎలా ఉన్నాయి? 1 బాగున్నాయి. 2 గుచ్చుకుంటున్నాయి. 3 పెట్టుకోవడం మానేశాను. ఎవరైనా 2 గానీ 3 గానీ నొక్కితే నేను ఇలా పెట్టాను: "అయ్యో! ఎక్కడ? ఎప్పటినుంచి? రక్తం వస్తోందా? చీము ఉందా? వాసన? నిద్ర పడుతోందా?" కోడలు అదంతా తీసేసి "తెలిసింది. ఏ రోజు రాగలరు?" అని పెట్టింది.

ఇంత రాతి మాటా! పోలీసు స్టేషన్లో కూడా ఇంతకన్నా మర్యాదగా అడుగుతారు.

తను భోజనానికి వెళ్ళాక ఒకే ఒక్క చిన్న మార్పు చేశాను. మూడు రోజులు ఆగు అనే పసుపు డబ్బా ఉంది చూడు, అది తీసేశాను. మూడు రోజులు! అంతసేపు ఆగితే నా గుండె ఆగుతుంది. రాలేదు అనే దారాన్ని తీసుకెళ్ళి మళ్ళీ మొదటి డబ్బాకే తగిలించాను. రాకపోతే మళ్ళీ చెప్పడమే కదా.


10, సోమవారం

ఉదయం తొమ్మిదింటికి కోడలు మిషన్ మొదలుపెట్టింది. తొమ్మిదీ పదికి రిటైరైన బస్సు కండక్టరుగారి ఫోన్‌కి నూట పన్నెండు మెసేజీలు వెళ్ళాయి.

ఆయన ఆ టైముకి బ్యాంకులో క్యూలో ఉన్నాడట. జేబులో ఫోన్ ఆగకుండా వణుకుతోందట. వెనకున్నావిడ తొంగి చూసి గార్డుని పిలిచిందట. ఎందుకంటే కోడలు కుదించిన మాట ఇది: "మీ పళ్ళు మా దగ్గర ఉన్నాయి. వెంటనే రండి." అది నూట పన్నెండుసార్లు.

నోరు గట్టిగా మూసుకుని వచ్చాడు పాపం, గార్డు కూడా వెంట వచ్చాడు. అలమారలోంచి పళ్ళు తీసి గార్డుకి చూపించాక గానీ అతను నమ్మలేదు.

"ఎవరు తీసేశారు ఆగే డబ్బా?" అంది కోడలు.

నేను అచ్చుల మీద దుమ్ము తుడుస్తున్నాను.

"అత్తయ్యా."

"వచ్చాడుగా," అన్నాను. "ఇరవై రోజుల నుంచి రాని మనిషి పది నిమిషాల్లో వచ్చాడు. మిషన్ బాగానే పనిచేస్తోంది."

పసుపు డబ్బా మళ్ళీ పెట్టింది. దాని మీద తాళం బొమ్మ కూడా పెట్టింది. డబ్బాకి తాళం వేసుకోవచ్చని మొదటే చెప్పొచ్చుగా.

ఏడాదిలో పళ్ళు కట్టించుకున్నవాళ్ళందరికీ "ఎలా ఉన్నాయి" మెసేజీ వెళ్ళింది. 9 నొక్కినవాళ్ళు: ఎవరూ లేరు. ఇంకా ఒక్క రోజేగా.


11, మంగళవారం

ఎవరూ లేరు.


12, బుధవారం

ఎవరూ లేరు. ఫోన్ పాడైందేమోనని షాపు ఫోన్ నుంచి నా ఫోన్‌కి చేసుకున్నాను. మోగింది. ఎత్తి "హలో" అన్నాను. రెండు చెవుల్లోనూ నేనే.


13, గురువారం

అక్కని మిషన్లో ఎక్కించాను. పరీక్ష కోసమే. పరీక్షకి ఎవరో ఒకరి నంబరు కావాలి కదా.

పది నిమిషాల్లో ఫోన్ చేసింది. "ఏమే, మీ మిషన్ నా పళ్ళు ఎలా ఉన్నాయని అడుగుతోంది. నాకు పళ్ళన్నీ సొంతవే."

"ఉన్నవి రెండే కదక్కా."

"ఆ రెండూ సొంతవే."

"సరేలే. 9 నొక్కు."

"నొక్కితే ఏమొస్తుంది?"

"నేనొస్తాను."

"ఇప్పుడు లైన్లో ఉన్నది నువ్వు కాదా?"

"నేనే. కానీ ఇది లెక్కలోకి రాదు. పెట్టేసి నొక్కు."

పెట్టేసి నొక్కింది. యాభై నిమిషాలు మాట్లాడుకున్నాం. కోడలు బల్ల దగ్గర్నుంచి నా వైపు చూసి, "కస్టమరా?" అంది. "చాలా బాధల్లో ఉంది పాపం," అన్నాను. అబద్ధం కాదు. అక్కకి మోకాళ్ళు, బావ, రెండూ ఉన్నాయి.

ఒకటి.


15, శనివారం

మూడు. అక్క పొద్దున నడిచే జట్టులో ఎనిమిదిమంది ఉన్నారట. వాళ్ళకి కూడా పళ్ళున్నాయి, లేదా ఎప్పటికైనా ఉండవు. ఎలా చూసినా మనకి కావలసినవాళ్ళే. వాళ్ళ వేళ్ళతో వాళ్ళే నొక్కుతున్నారు, నేను పట్టుకుని నొక్కించడం లేదు.

మిషన్ మాత్రం పాడైంది. ఇరవై ఆరుమంది జవాబిస్తే పదకొండుమంది 2, 3 నొక్కారని చూపిస్తోంది. గుచ్చుకుంటున్నాయి, మానేశాను, గుచ్చుకుంటున్నాయి, మానేశాను. ఇది జరిగే పని కాదు. వీళ్ళందరికీ నేను స్వయంగా ఫోన్ చేసి అడిగాను. ఒక్కొక్కరినీ మూడేసిసార్లు అడిగాను. అందరూ బాగున్నాయనే చెప్పారు.

రొట్టెల కొట్టావిడ 3 నొక్కినట్టు చూపిస్తోంది. మొన్న గురువారమే అడిగాను ఆవిడని. "బ్రహ్మాండంగా ఉన్నాయి వదినా, ఇటుక ఇస్తే ఇటుక నమిలేస్తాను," అంది.

ఇప్పుడే మళ్ళీ ఫోన్ చేశాను. "బ్రహ్మాండం వదినా," అంది.

చూశావా. మిషన్ పాడైంది. కోడలికి చెప్పాలి.


17, సోమవారం

కోడలికి చెప్పలేదు. ముందు రొట్టెల కొట్టుకి వెళ్ళాను.

ఆవిడ కౌంటరు వెనక నిలబడి రొట్టె ముక్క టీలో నానబెట్టుకుని చప్పరిస్తోంది. బుగ్గలు లోపలికి పోయి ఉన్నాయి. నన్ను చూడగానే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని లోపలికి పరిగెత్తింది. సొరుగు లాగిన చప్పుడు వినిపించింది. బయటికొచ్చి నవ్వింది. నోటినిండా పళ్ళు, వాటినిండా పిండి.

"సొరుగులో ఎన్నాళ్ళనుంచి ఉన్నాయి?" అన్నాను.

"ఏ సొరుగు?"

"వదినా."

పళ్ళు తీసి కౌంటరు మీద పెట్టింది. అవి నా వైపే చూస్తున్నాయి. "చలికాలం నుంచి," అంది.

"మొన్న అడిగితే ఇటుక నములుతానన్నావే!"

"నీతో చెబితే ఏమవుతుందో నాకు తెలియదా వదినా? మొదటి జత కట్టినప్పుడు కింద చిగురు మీద చిన్న పుండు పడిందని చెప్పాను. చెప్పానా? నువ్వు అయ్యో అయ్యో అని గుండెలు బాదుకుని, అది ఇంకేదో అయ్యుంటుందని, పెద్దాసుపత్రికి పోయి ముక్క తీయించుకోమని నా ప్రాణం తీశావు. పదిరోజులు నిద్రలేదు నాకు. మా ఆయన వీలునామా రాయించమన్నాడు. ఆఖరికి ఏమిటది? రొట్టె పెచ్చు గీరుకుంది."

"నీ మంచికే కదా చెప్పాను."

"మంచికే. అందుకే కదా కోప్పడలేక బాగున్నాయని చెప్పేది. మీ మిషన్‌కి చెప్పాను, చూడు. 'తెలిసింది. ఏ రోజు రాగలరు?' అంది. అంతే. ఒక్క అయ్యో కూడా అనలేదు. ఎంత హాయిగా అనిపించిందో!"

మళ్ళీ ఆ మాట.

రొట్టె ఒకటి చేతిలో పెట్టింది. ఇంటిదాకా పట్టుకుని నడిచాను. ఎవరికీ ఇవ్వలేదు, తినలేదు.


18, మంగళవారం

ఏం రాయను.


19, బుధవారం

లాయరుగారు నాతో: దివ్యంగా ఉన్నాయి. మిషన్‌తో: 2.
మందుల షాపాయన తల్లి నాతో: నా పెళ్ళప్పటి పళ్ళలా ఉన్నాయమ్మా. మిషన్‌తో: 3.
టైలరు నాతో: ఫస్ట్ క్లాస్. మిషన్‌తో: 2.
లైబ్రరీ ఆవిడ నాతో: సూపర్ ఆంటీ. మిషన్‌తో: 3, మళ్ళీ ఇంకోసారి 3.

దొంగలు. పదకొండుమంది దొంగలు. ముప్ఫై నాలుగేళ్ళలో ఇంకెంతమందో. నేను ఫోన్ పెట్టేశాక నోరు పట్టుకుని కూర్చునేవాళ్ళు కాబోలు.

మా ఆయన కూడా పోయిన రోజు పొద్దున ఎడమ భుజం రుద్దుకుంటూ ఉంటే, ఏమైందని అడిగాను. ఏం లేదే, బాగానే ఉన్నాను, నువ్వు మొదలుపెట్టకు అన్నారు. నేను మొదలుపెట్టాను. దాంతో చొక్కా వేసుకుని షాపుకి వెళ్ళిపోయారు.

ఈ పేజీ చింపెయ్యాలి.


20, గురువారం

పదకొండుమందిలో ఏడుగురు ఇవాళే వచ్చారు. కూర్చోడానికి చోటు లేక లాయరుగారు ప్లాస్టరు బస్తా మీద కూర్చున్నారు. లేచేసరికి నల్ల కోటు వెనక తెల్లటి గుండ్రం. ఎవరూ చెప్పలేదు. కోర్టుకి అలాగే వెళ్ళారు.

రొట్టెల కొట్టావిడ పళ్ళు కోడలు చక్రం మీద అటు రెండు గీతలు, ఇటు ఒక గీత అరగదీసింది. నోట్లో పెట్టి నొక్కమంది. మళ్ళీ ఒక గీత. అయిపోయింది. అయిదు నిమిషాల పని. చలికాలం నుంచి ఆవిడ చప్పరిస్తున్నది ఈ అయిదు నిమిషాల కోసం.

పక్కనున్న గట్టి బిస్కెట్ కరకర నమిలింది. నేను అటు చూడలేదు. చప్పుడు వినకుండా ఉండలేను కదా.

కోడలు ఇవాళ చాలాసార్లు పని ఆపి చెయ్యి విదుల్చుకుంది. తొందర ఎక్కువైంది మరి.


24, సోమవారం

తొమ్మిది. అక్క, అక్క జట్టు మొత్తం అయిపోయారు. ఇంకొక్కటే కావాలి. బావ నొక్కనన్నాడు. పళ్ళ వాళ్ళతో నాకేం పని అన్నాడట. బావకి పళ్ళు లేవు, కట్టించుకోడు, అన్నం మింగేస్తాడు. కుక్క కూడా అంత తొందరగా మింగదు.


25, మంగళవారం

ఎవరూ లేరు. సొంతంగా నొక్కినవాడు ఇప్పటిదాకా ఒక్కడూ లేడు. ఈ మాట ఒక్కసారి రాశాను, మళ్ళీ రాయను.


26, బుధవారం

కండక్టరుగారు నొక్కాడు.

నేను చెప్పలేదు, అక్క చెప్పలేదు. ఆయనంతట ఆయనే. నూట పన్నెండుసార్లు హింస పెట్టినా మళ్ళీ నొక్కాడు. ఫోన్ మోగగానే లేచి నిలబడ్డాను.

"అమ్మా, నాది 1 కాదు, 2 కాదు, 3 కాదు," అన్నాడు. "నొప్పి లేదు. పెట్టుకుంటున్నాను. కానీ ఈల రావడం లేదు."

నోట్లోకి ఎన్ని మాటలొచ్చాయో! గాలి ఎక్కడినుంచి పోతోంది, ఆయాసం ఉందా, ఊపిరితిత్తులు చూపించుకున్నారా, మా పెద్దనాన్నకి ఇలాగే మొదలై... అన్నీ పళ్ళ వెనక బారులు తీరాయి. రొట్టెల కొట్టావిడ సొరుగు గుర్తొచ్చింది. మిషన్ మాట అన్నాను.

"తెలిసింది. ఎప్పటినుంచి?"

అని నోరు మూసుకున్నాను. దేవుడా, నోరు మూసుకోవడం ఎంత కష్టమైన పని! ఆయన కూడా ఊరుకున్నాడు. నేను చెబుతానని చూస్తున్నాడేమో. అలమారలో ఉన్న జతలు లెక్కపెట్టాను. ఆరో జత దగ్గర తనే మొదలుపెట్టాడు.

"ముప్ఫై ఏళ్ళు ఈల వేసి బస్సు నడిపించినవాణ్ణి కదమ్మా. ఇంటికెళ్ళినా మెట్ల కింద ఈల వేస్తే మా ఆవిడ తలుపు తీసేది. ఇప్పుడు ఆవిడకి చూపు మందగించింది. బెల్లు కొడితే తియ్యదు, ఎవరో అనుకుంటుంది. పేరు చెప్పినా తియ్యదు, ఈ పళ్ళతో నా గొంతు మారిందట. నిన్న గంటసేపు మెట్ల మీద కూర్చున్నాను. పైగా లోపలినుంచి, మా ఆయన వచ్చే టైమైంది, నీ తాట తీస్తాడు అని నన్నే బెదిరించింది."

నవ్వు వచ్చింది. ఆయనకీ వచ్చింది. ఆయన నవ్వుతుంటే పళ్ళు టకటకలాడాయి.

"శుక్రవారం రండి," అన్నాను. ఇంకేమీ అనలేదు.

ఫోన్ పెట్టి చూస్తే కోడలు చక్రం ఆపి నా వైపే చూస్తోంది.

పది.


28, శుక్రవారం

కండక్టరుగారి ముందు రెండు పళ్ళ వెనక కోడలు వెంట్రుకంత తీసింది. వెయ్యండి అంది. గాలి వచ్చింది. ఇంకో వెంట్రుక. ఈసారి ఈల వచ్చింది చూడు, రోడ్డు మీద పోతున్న ఆటో ఆగిపోయింది.


29, శనివారం

సాయంత్రం షట్టరు సగం దించి కోడలు లెక్క చూసింది. "పది. గెలిచారు అత్తయ్యా," అంది. టేబులు మూలకి కొలతలు వేసుకున్న కాగితం మడిచి ఆప్రాన్ జేబులో పెట్టుకుంది.

సంతోషంగా ఇంటికి వెళ్ళాల్సింది. నా నోరు ఊరుకుంటేనా!

"అందులో తొమ్మిది మా అక్క జట్టువి."

"తెలుసు."

"ఎలా తెలుసు?"

"మీ అక్కగారు తప్ప అందరూ పొద్దున ఆరున్నరకే నొక్కారు. అందరి వెనకా అదే కుక్క అరిచిందని మీరే చెప్పారు, పార్కులో ఆ కుక్కకి ఏమైందోనని. ఒకావిడ షాపుకి కూడా ఫోన్ చేసి, మీ అత్తగారి కుర్చీ కోసం నొక్కాల్సింది ఆరా తొమ్మిదా అని అడిగింది."

"తెలిసి ఊరుకున్నావా?"

"పదోది నిజమే కదా. కండక్టరుగారితో మాట్లాడటం విన్నాను. ఇన్నేళ్ళలో మీరలా మాట్లాడగా వినలేదు. పోనివ్వండి, బల్ల వద్దు. ఎలాగో చేసుకుంటాను."

ఎలాగో. మామూలుగా అయితే ఆ మాట మీద పడిపోయేదాన్ని. పడలేదు. అలమార వైపు తిరిగి లెక్కపెట్టాను. పద్నాలుగో జత దాకా వెళ్ళాను.

కోడలు కుడిచెయ్యి నా టేబులు మీద వెల్లకిలా పెట్టింది.

"ఈ రెండు వేళ్ళు మొద్దుబారాయి అత్తయ్యా. చలికాలం నుంచి. చక్రం అదురుకి నరం నలిగిందట. మైనం వేడిగా ఉందో లేదో ఎడం చేత్తో చూసుకుంటున్నాను. కొన్నాళ్ళు చక్రం ముట్టుకోవద్దన్నారు. ఆ చక్రం దగ్గరికి ఇంకో మేస్త్రి వస్తే తప్ప..."

"మా వాడికి తెలుసా?"

"తెలుసు."

ఎవరికి తెలియదో అడగలేదు.

అడగనివి ఇక్కడ రాస్తున్నాను, ఎక్కడో ఒకచోట పడాలి కదా. ఏ డాక్టరు. ఇంకో డాక్టరుకి చూపించావా. ఆపరేషనంటారా. మత్తుమందు పడకపోతే. మిగతా మూడు వేళ్ళ సంగతేమిటి. ఎడం చెయ్యి కూడా అలాగే అయితే. వేడి తెలియకపోతే పొయ్యి దగ్గర ఏం చేస్తున్నావు, ఎవరు చూస్తున్నారు. రాత్రి నొప్పితో లేస్తున్నావా, లేచి ఎవరికీ చెప్పకుండా కూర్చుంటున్నావా. నేను పక్క గదిలోనే ఉన్నాను కదా. నీ వయసెంతని. వచ్చే మేస్త్రి చక్రం సరిగ్గా పడతాడా, తాగుతాడా. నేను బిస్కెట్ మానేసిన రోజు కూడా నీ వేళ్ళు ఇలాగే ఉన్నాయా.

వీటిలో ఒక్కటీ అడగలేదు.

"టేబులు ఏ వైపు పట్టుకోను?" అన్నాను.

కోడలు టేబులు మీంచి చెయ్యి తీసింది. "కిటికీ వైపు," అంది. తను ఎడం చేత్తో ఎత్తింది. తేలిగ్గానే కదిలింది, ఇంత తేలికని ఎప్పుడూ అనుకోలేదు. ప్లాస్టరు కలిపే చోట ఒక స్టూలు ఉంది, ఫోన్ అక్కడ పెట్టుకోమంది. ప్లాస్టరు కలపడానికి కూడా ఎవరో ఒకరు కావాలట. మోచేతులదాకా ప్లాస్టరుతో ఫోన్ ఎలా ఎత్తాలో చూడాలి.

టేబులు ఉన్నచోట నేల వేరే రంగులో ఉంది. దుమ్ములో బంగారు తొడుగున్న దవడ పన్ను ఒకటి దొరికింది. కట్టుడుది కాదు, అసలుది. ఏ పాపం ఎరగని మనిషి ఎవరో ఇది పోయిందనుకుని ఎన్నేళ్ళు వెతుక్కున్నారో, మింగేశామనుకుని ఎన్ని ఆసుపత్రులు తిరిగారో.

కోడలు నా చేతిలో దాన్ని చూసింది, నా మొహం చూసింది.

"అత్తయ్యా, దీనికోసం ఎవరికీ ఫోన్ చెయ్యకండి."

"ఛ, నేనెందుకు చేస్తాను," అన్నాను.